యాభై నిండిన మద్రాసు కారు: స్టాండర్డ్ హెరాల్డ్ కథ

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు, గురువుల గొప్పతనం నాకంటే బాగా రాయగలిగినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు కనుక నాకు చేతనైన దారిలో ఒక యంత్రం చరిత్ర రాస్తున్నాను. దానికీ మన స్వర్ణోత్సవానికీ ఒక సంబంధం ఉంది. మన దేశంలో కారుకు యాభై ఏళ్లు దాటితే చట్టం దాన్ని 'వింటేజ్' వాహనంగా గుర్తిస్తుంది. మన సంఘం మొదలైన రోజుల్లో మద్రాసు దగ్గరి ఫ్యాక్టరీలో తయారైన ఒక చిన్న కారుకు ఇప్పుడు ఆ వయసు వస్తోంది. దాని పేరు స్టాండర్డ్ హెరాల్డ్. దాని చివరి రూపానికి గజెల్ అని పేరు పెట్టారు.

అంబాసిడర్, ఫియట్ పేర్లు చెబితే ఈనాటి పిల్లలకు కూడా తెలుసు. హెరాల్డ్ అంటే తెలియదు. ఆ మూడింటిలో ముందుగా మాయమైంది అదే. అయినా కొన్ని ఇంకా తిరుగుతున్నాయి. అవి ఎలా మిగిలాయి, ఇంకెంతకాలం మిగులుతాయి అన్నది ఈ వ్యాసం విషయం.

అప్పట్లో మన రాష్ట్రపు కంపెనీయే

స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1948లో మద్రాసులో ఏర్పడింది. ఇంగ్లండులోని కోవెంట్రీ నగరపు స్టాండర్డ్ మోటార్ కంపెనీ, మద్రాసులోని యూనియన్ కంపెనీ (మోటార్స్) కలిసి పెట్టిన సంస్థ ఇది. ఫ్యాక్టరీ వండలూరు దగ్గర. నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కనుక, పుట్టినప్పుడు అది మన రాష్ట్రపు కంపెనీయే. రాష్ట్రాలు విడిపోయాక కూడా మన జిల్లావాళ్లకు వైద్యానికీ, సినిమాకూ, పెళ్లి బట్టలకూ మద్రాసే దగ్గర. కారుకు కూడా అంతే.

ఆ ఫ్యాక్టరీలో మొదట వాన్‌గార్డ్ కార్లు, తర్వాత స్టాండర్డ్ టెన్, పెన్నెంట్ వచ్చాయి. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు మేరకు ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. విదేశీ భాగాలు తెచ్చి ఇక్కడ బిగించడం మాత్రమే చేసే కంపెనీలకు చోటు లేదు, క్రమంగా భాగాలన్నీ ఇక్కడే తయారుచేసేవాళ్లే ఉండాలి అన్నది దాని సారాంశం. ఫోర్డ్, జనరల్ మోటార్స్ వెళ్లిపోయాయి. కార్ల రంగంలో ముగ్గురు మిగిలారు. కలకత్తా వైపు హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. దాదాపు మూడు దశాబ్దాలు దేశంలోని మధ్యతరగతి కారు కల ఈ మూడు గేట్ల ముందే వరుసలో నిలబడింది.

ఇక్కడ పేరు గురించి ఒక మాట. ఇంగ్లండులో 'స్టాండర్డ్' అంటే కాలక్రమాన 'మామూలు రకం' అనే అర్థం స్థిరపడింది. 'డీలక్స్' ముందు అది వెలవెలబోయింది. అక్కడ 1963లో ఆ పేరుతో కార్లు అమ్మడం మానేశారు, ట్రయంఫ్ పేరు నిలిచింది. మనకు ఆ చిక్కు లేదు. మన వాడుకలో 'స్టాండర్డ్ ఉన్న మనిషి' అంటే పరువున్న మనిషి. కనుక పుట్టింట్లో పోయిన పేరు మద్రాసులో మరో పాతికేళ్లు బతికింది.

బోల్టులు విప్పితే ఊడివచ్చే కారు

ట్రయంఫ్ హెరాల్డ్ ఇంగ్లండులో 1959 ఏప్రిల్‌లో విడుదలైంది. దాని నిర్మాణం వెనుక ఒక వ్యాపార చిక్కు ఉంది. స్టాండర్డ్ కంపెనీకి కారు బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో అనే సంస్థను 1953లో పోటీదారైన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ కొనేసింది. అప్పటికే ప్రపంచమంతా ఛాసిస్, బాడీ ఒకటిగా అతికిన 'మోనోకాక్' పద్ధతికి మారుతోంది. దానికి కావలసిన భారీ ప్రెస్సులు స్టాండర్డ్ చేతిలో లేవు. అందుకని పాత పద్ధతికే వెళ్లారు. కింద విడిగా ఉక్కు ఛాసిస్, దాని మీద బాడీని ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల చేయించి బోల్టులతో బిగించారు. ముందు భాగం, వెనుక భాగం, పైకప్పు, బానెట్, డిక్కీ అన్నీ విడివిడి ముక్కలే. రూపురేఖలు ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలొట్టి గీశాడు.

గత్యంతరం లేక ఎంచుకున్న ఆ పద్ధతే తర్వాత మన దేశంలో ఆ కారుకు ఆయుష్షు పోసింది. మోనోకాక్ కారుకు అడుగు తుప్పు పడితే మొత్తం బలం పోతుంది. హెరాల్డ్‌కు తుప్పు పట్టిన ముక్క విప్పి, టింకరింగ్ చేయించి, మళ్లీ బిగించుకోవచ్చు. పైకప్పు కూడా బోల్టులు తీస్తే ఊడివస్తుంది. ఇంజను పని చేయాలంటే బానెట్టూ మడ్‌గార్డులూ కలిసి ఒకే ముక్కగా ముందుకు వాలుతాయి. మెకానిక్ ముందు టైరు మీద కూర్చుని తీరిగ్గా పని చేసుకోవచ్చు.

మిగిలిన విశేషాలు కూడా ఆ కాలానికి గొప్పవే. నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్. రాక్ అండ్ పినియన్ స్టీరింగు. ముందు చక్రాలు ఎంత వాలుగా తిరుగుతాయంటే 25 అడుగుల వలయంలో కారు చుట్టూ తిరిగి వస్తుంది. నెల్లూరు పాత బజారు సందుల్లో ఈ గుణం విలువ నడిపినవాళ్లకు తెలుసు. ఇంజను 948 సి.సి., నాలుగు సిలిండర్లు, ఇంగ్లండు తొలి సెలూన్‌లో దాని శక్తి సుమారు 35 హార్స్ పవర్. ఈనాటి చిన్న కార్లలో దానికి రెట్టింపు సులువుగా ఉంటుంది.

వండలూరులో మారిన రూపం

మన దేశంలో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో ఇది 1961లో వచ్చింది. మొదట రెండు తలుపులే. వెనుక సీట్లోకి వెళ్లాలంటే ముందు సీటు మడిచి వంగి దూరాలి. చీర కట్టుకున్న పెద్దావిడకు అది పరీక్షే. అంబాసిడర్, ఫియట్ రెండింటికీ నాలుగు తలుపులు. అందుకే 1960ల చివర మద్రాసు ఇంజనీర్లు నాలుగు తలుపుల మార్క్ 3 తయారుచేశారు. ఇంగ్లండులో హెరాల్డ్‌కు నాలుగు తలుపులు ఎప్పుడూ లేవు. అక్కడ ఇంజను 1147 సి.సి.కి, తర్వాత 1296 సి.సి.కి పెరిగి 1971లో కారు ఆగిపోయింది. ఇక్కడ ఇంజను 948 దగ్గరే ఉండిపోయి, బాడీ మాత్రం మన అవసరాలకు తగ్గట్టు మారింది.

రెండో మార్పు వెనుక చక్రాల దగ్గర. హెరాల్డ్‌లో వెనుక ఇరుసు ఒకే కడ్డీ కాదు. మధ్యలోని గేరు పెట్టె దగ్గర నుంచి రెండు వైపులా రెక్కల్లా పైకీ కిందికీ ఊగే 'స్వింగ్ యాక్సిల్'. అడ్డంగా ఒకే కమాన్ కట్ట. ఇంగ్లండు రోడ్ల మీద ఇద్దరు ముగ్గురు ప్రయాణించడానికి అది సరిపోయింది. మన దగ్గర కారంటే కుటుంబమంతా, పైన సామాను. బరువు పడితే వెనుక చక్రాల కింది భాగాలు బయటికి చాచుకునేవి. టైరు ఒక వైపే అరిగిపోయేది. వేగంగా మలుపు తిరుగుతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే వెనుక భాగం తేలిపోయి చక్రం లోపలికి మడుచుకునే ప్రమాదం ఉండేది. 1970ల మొదట్లో వచ్చిన గజెల్‌లో దీన్ని తీసేసి మామూలు గట్టి ఇరుసు పెట్టారు.

పేర్లు రాయడం కంటే ఆ కారు రూపం చెబితే మన తరంవాళ్లకు త్వరగా గుర్తొస్తుంది. కనుబొమ్మలు ముడిచినట్టు హెడ్‌లైట్ల మీద కొంచెం ముందుకు వచ్చిన అంచు. వెనుక సన్నటి రెక్కలు. ఆ కాలంలో మైపాడు రోడ్డు మీద కారు రావడమే విశేషం. పైగా అందులో హెరాల్డ్ రావడం అరుదు. పిల్లలం కనిపించకముందే శబ్దాన్ని బట్టి పందేలు వేసుకునేవాళ్లం. అంబాసిడర్ది బరువైన శబ్దం, హెరాల్డ్‌ది పలుచని శబ్దం.

ఎందుకు మాయమైంది

కారణాలు మూడు. ఒకటి, ఆ రోజుల్లో మన మార్కెట్టే చిన్నది. దేశం మొత్తం మీద కార్ల ఉత్పత్తి ఏడాదికి యాభై వేలకు చేరని కాలం అది. అందులో మద్రాసుది చిన్న వాటా. రెండు, 1973లో అరబ్ దేశాల చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగింది. కార్ల అమ్మకాలు పడిపోయాయి. పెద్ద కంపెనీలు తట్టుకున్నాయి, చిన్నది తట్టుకోలేకపోయింది. మూడు, ట్యాక్సీ వ్యాపారం. కలకత్తాలో అంబాసిడర్, బొంబాయిలో ఫియట్ ట్యాక్సీలుగా స్థిరపడ్డాయి. ట్యాక్సీలు ఎక్కువున్న కారుకు స్పేర్ పార్టులు ప్రతి ఊళ్లో దొరుకుతాయి. పార్టులు దొరికే కారునే జనం కొంటారు. హెరాల్డ్ ఆ చక్రంలోకి ఎక్కలేదు. 1970ల చివరికి గజెల్ తయారీ ఆగిపోయింది.

కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారుతో మళ్లీ ప్రయత్నించింది. అప్పటికే మారుతి 800 వచ్చి రెండేళ్లు. 1988 నాటికి ఆ ప్రయత్నం కూడా ముగిసింది. ఫ్యాక్టరీ మూతపడ్డ తర్వాత కొత్త పార్టు అన్న మాటే లేదు. అంబాసిడర్ 2014 దాకా తయారైంది, ఫియట్ వారసురాలు పద్మిని దాదాపు 2000 దాకా తయారైంది. హెరాల్డ్‌వాళ్లు మాత్రం దాదాపు యాభై ఏళ్లుగా అనాథల్లా ఉన్నారు.

మిగిలినవి ఎలా మిగిలాయి

పాత కార్లు రెండు రకాలుగా మిగులుతాయి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కాలపు పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది. 1912 నాటిది. అది మొత్తం తిరిగింది కొన్ని వందల మైళ్లే అంటారు. నడవలేదు కనుక మిగిలింది. హెరాల్డ్ రాజుల కారు కాదు. డాక్టర్లు, వకీళ్లు, కాస్త కలిగిన రైతులు కొన్నది. షెడ్డులో పెట్టి గుడ్డ కప్పితే మన కోస్తా ఉప్పుగాలికి అయిదారేళ్లలో ఛాసిస్ పక్క చేతులు తుప్పు తినేస్తాయి. అది మిగిలింది నడవడం వల్లే. నడిస్తే చెడుతుంది, చెడితే షెడ్డుకు వెళుతుంది, షెడ్డుకు వెళితే ఎవరో ఒకరు కింద పడుకుని చూస్తారు.

ఆ చూసే మనిషి గురించి చెప్పాలి. మద్రాసు పుదుపేటలో, జి.పి. రోడ్డులో పాత పార్టులు వెతికి, దొరకనివి లేత్ మీద చేయించి, ఇంకో కారు పార్టును అరగదీసి అమర్చి ఈ కార్లను నడిపించినవాళ్లు చదువుకున్న ఇంజనీర్లు కారు. పన్నెండో ఏట స్పానరు పట్టుకున్న మెకానిక్కులు. వాళ్ల జ్ఞానం ఏ పుస్తకంలోనూ లేదు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. హెరాల్డ్ ముందు చక్రాల స్టీరింగు నిలువు కడ్డీ అడుగున ట్రనియన్ అనే కంచు భాగం ఉంటుంది. కడ్డీ మర అందులో తిరుగుతుంది. దానికి పెట్టాల్సింది గ్రీజు కాదు, గేర్ ఆయిల్. గ్రీజు కొడితే చిక్కబడి మర సందుల్లోకి చేరదు. లోపలికి నీరు పోయి తుప్పు పట్టి, ఒకనాడు కడ్డీ విరిగి చక్రం పక్కకు ఒరిగిపోతుంది. పాత మెకానిక్కుకు ఇది తెలుసు. ఇప్పటి సర్వీసు సెంటరు కుర్రవాడు మంచి మనసుతోనే గ్రీజు గన్ తెచ్చి నిండా కొడతాడు. సందులో తిరిగినంతకాలం ఏమీ కాదు. జాతీయ రహదారి 16 మీద ఎనభైలో పోతున్నప్పుడు జరిగితే కారుతో పోదు, మనుషులతో పోతుంది. ఒక కారు బతుకు ఒక మనిషికి తెలిసిన ఇలాంటి చిన్న సంగతి మీద ఆధారపడి ఉంది. ఆ మనుషులకు ఇప్పుడు డెబ్బై దాటుతోంది.

ఈనాటి రోడ్డు, ఈనాటి పెట్రోలు

హెరాల్డ్ హాయిగా పోయే వేగం గంటకు 60, 70 కిలోమీటర్లు. చుట్టూ వందలో పోయే వాహనాలు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, వాటికి ఇంజను సాయం లేదు. కాలి బలమే బలం. సీటు బెల్టులు లేవు, కావాలంటే తర్వాత అమర్చుకోవాలి. డైనమో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు కరెంటు సరిగా ఇవ్వదు. రాత్రి ట్రాఫిక్కులో లైట్లు మసకబారతాయి. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉండేది. అది చూసుకోకుండా ఫోను చార్జరో కొత్త లైటో తగిలిస్తే కాలిపోతుంది.

అన్నిటికంటే పెద్ద మార్పు పెట్రోలు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఈ ఇంజనులో వాల్వు కూర్చునే చోటు పోత ఇనుములోనే చెక్కి ఉంటుంది. సీసం అక్కడ మెత్తగా పనిచేసి అరుగుదల ఆపేది. ఇప్పుడు దూరాలు, వేగాలు ఎక్కువైతే వాల్వులు క్రమంగా లోపలికి దిగిపోతాయి. హెడ్డు విప్పి గట్టి ఉక్కు రింగులు వేయించడమే మందు.

తర్వాత ఇథనాల్ వచ్చింది. పెట్రోలులో దాని శాతం 2022కు పదికి, 2025కు ఇరవైకి చేరింది. దేశానికి అది మంచిదే, దిగుమతి తగ్గుతుంది, చెరకు రైతుకు డబ్బు వస్తుంది. పాత కారుకు మాత్రం ఇథనాల్ రెండు విధాల ఇబ్బంది. పాత రబ్బరు పైపులను, పంపులోని డయాఫ్రమ్‌ను మెత్తబరిచి పగులుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్కనున్న మనకు ఆ తేమ ఇంకా ఎక్కువ. రెండోది, దానిలో శక్తి పెట్రోలుకంటే సుమారు మూడో వంతు తక్కువ. కొత్త కారులో కంప్యూటరు దాన్ని గమనించి సర్దుకుంటుంది. కార్బొరేటరుకు ఆ తెలివి లేదు. జెట్టు మార్చి మనమే సర్దాలి. పైపులు కొత్త రకం రబ్బరువి వేయించి, జెట్టు మార్పించి, నెలల తరబడి ట్యాంకు నిండా పెట్రోలు ఉంచకుండా ఉంటే కారు నడుస్తుంది. ఇది పెద్ద ఖర్చు కాదు. తెలిసి చేయాలి, అంతే.

చట్టం ఇచ్చింది, అడిగింది

మామూలు కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు. తర్వాత అయిదేళ్లకోసారి పరీక్ష చేయించి పొడిగించుకోవచ్చు. ఢిల్లీలోలా పదిహేనేళ్ల పెట్రోలు కారును రోడ్డు ఎక్కనివ్వని నిబంధన మన రాష్ట్రంలో లేదు. కానీ 2022 ఏప్రిల్ 1 నుంచి కారు పొడిగింపు రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. చాలా ఇళ్లలో పాత కారు కాటా మీదికి వెళ్లడానికి ఇదొక కారణం.

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకు అవి వర్తిస్తాయి. కొత్తగా నమోదు చేస్తే రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, తర్వాత పొడిగింపుకు 5,000. పాత నంబరు ఉన్నవాళ్లు దాన్నే ఉంచుకోవచ్చు. కొత్త నంబరైతే రాష్ట్రం అక్షరాల తర్వాత 'వి.ఎ.' అని వస్తుంది. అయితే ఆ కారును రోజూ వాడకూడదు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు మాత్రం రోడ్డెక్కవచ్చు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసిన వాహనం వింటేజ్ కిందికి రాదు. పార్టులు దొరకని కాలంలో వేరే ఇంజను వేయించుకుని కారును బతికించుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. కారును నిలబెట్టిన ఆ పనే ఇప్పుడు దానికి గౌరవం దక్కకుండా చేస్తుంది. షెడ్డులో కదలకుండా ఉన్నదానికి హోదా, కష్టపడి నడిచినదానికి లేదు. అసలు రూపాన్ని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ మన దేశపు మధ్యతరగతి కార్ల చరిత్ర అతుకుల చరిత్ర. ఏ పార్టు ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసి ఉంచిన కారుకు కూడా ఒక స్థానం ఉండాలని ఇంజనీరుగా నా అభిప్రాయం.

మనం చేయగలిగింది

మన సంఘ సభ్యుల్లో ఎవరి ఇంట్లోనైనా హెరాల్డో, గజెల్లో, మరో పాత కారో ఉంటే మూడు పనులు చేయమని కోరుతున్నాను.

మొదటిది, ఆర్.సి. పుస్తకం వెతికి పెట్టండి. కారు ఎంత బాగున్నా కాగితం లేకపోతే అది పాత ఇనుమే. తాతగారి పేరనో నాన్నగారి పేరనో ఉండిపోతే వారసుల పేరుకు మార్పించుకోండి. యజమాని పోయిన మూడు నెలల్లో దరఖాస్తు చేయాలని నిబంధన. చాలామంది ఏళ్ల తరబడి వదిలేస్తారు. పాత పుస్తకంలోని వివరాలు రవాణా శాఖ కంప్యూటరులోకి ఎక్కాయో లేదో కూడా చూసుకోండి.

రెండోది, ఆ కారు చూసే మెకానిక్కు ఇంకా ఉంటే ఒక పూట అతని పక్కన కూర్చోండి. ఏ పార్టుకు బదులు ఏది వేశాడు, ఎక్కడ గ్రీజు, ఎక్కడ ఆయిల్, చెప్పించి ఫోనులో రికార్డు చేయండి. పార్టు పోతే లేత్ మీద మళ్లీ చేయించవచ్చు. ఆ మాట పోతే చేయించలేం.

మూడోది, కారును ఒక రోజు మన బడికి తీసుకురండి. ప్రదర్శనకు తేవడానికి చట్టం కూడా అడ్డు చెప్పదు. ఇప్పటి కార్లలో బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనబడదు. హెరాల్డ్ బానెట్ ముందుకు వాల్చితే రేడియేటరు, ఫ్యాను, డైనమో, కార్బొరేటరు, స్టీరింగు కడ్డీలు అన్నీ వరుసగా కనిపిస్తాయి. పదో తరగతి భౌతికశాస్త్రంలో సగం పాఠాలు అక్కడే ఉన్నాయి. మన సైన్సు మాస్టార్లు నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించినవి పిల్లలు చేత్తో ముట్టుకుని చూస్తారు. వాళ్లలో ఒక్కరికైనా విప్పి చూడాలనే కోరిక పుడితే, ఆ కారుకు ఇంకో మెకానిక్ దొరికినట్టే.